సరోజన రాసుకున్న సిఫారసు

సరోజన నవ్వదు. కెనడాలోని కిచెనర్‌లో ఆమెను ఎరిగిన వాళ్లెవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు. పక్క ఊరు గ్వెల్ఫ్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఆమె పై సూపర్‌వైజర్ అది పొగరనుకున్నాడు. బేస్‌మెంట్‌లో కలిసి ఉండే రిషిత మొదటి నెలంతా తన మీదేదో కోపమనుకుంది. అసలు సంగతి పళ్లు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్ల, ముందు పళ్ల మీద తుప్పురంగు చారలు. పెదాలు బిగించి ఉంచడం చిన్నప్పుడే అలవాటైంది. నాయనమ్మ పేరు పెట్టారు, నాయనమ్మ నోరు కూడా వచ్చింది. ఉన్నమాట అనేస్తుంది, అవతలివాళ్లకు ఉలుకెందుకని ఆశ్చర్యపోతుంది.

2023 జనవరిలో ఆమె కెనడాలో దిగింది. ఆ ఏడు కిచెనర్ బస్సుల్లో ఇసుక వేస్తే రాలనంత మంది విద్యార్థులు. అందరి వీపు మీదా ఒకే రకం బ్యాగు, అందరి నోటా ఒకే ప్రశ్న, ఎక్కడైనా పని ఉందా అని. ఊళ్లో పాతవాళ్లకు వీళ్లను చూస్తే ఒళ్లుమంట. ఒకసారి బస్‌స్టాప్‌లో ఒక ముసలాయన ఆమెను ఎగాదిగా చూసి, మీకు తిరుగు టికెట్లు అమ్మరా అని అడిగాడు. నీకు అమ్మిన రోజు నాకూ అమ్ముతారు అని సరోజన ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. ఇద్దరూ ఒకే బస్సెక్కి మొహాలు చెరో కిటికీ వైపు పెట్టుకున్నారు.

ఆమె చేరింది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అనే సర్టిఫికెట్ కోర్సు. ఆ పాఠం వినేవాళ్లకూ అక్కరలేదు, చెప్పేవాళ్లకూ అక్కరలేదు. కెనడాలో కాలుపెట్టడానికి అదొక గుమ్మం, అంతే. సరోజనకు కావలసింది పీహెచ్‌డీ. నీళ్ల మీద పీహెచ్‌డీ. తన పళ్లను, తన మేనత్త మోకాళ్లను పాడుచేసిన ఆ నీళ్ల మీద.

హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంటెక్ చేసినప్పుడు ఆమె పట్టిన పని అదే. సాయంత్రాలు ఆమ్లెట్ బండ్ల దగ్గర గుడ్డుపెంకులు ఏరుకొచ్చి, కడిగి, కాల్చి, పొడి చేసి, ఆ పొడితో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసెయ్యవచ్చా అని చూసింది. పన్నెండు ఊళ్ల బోరు నీళ్లు తెచ్చింది. పదకొండు ఊళ్ల నీళ్లలో పొడి బాగా పనిచేసింది. పన్నెండోది ఎర్రగంటిగూడెం. అక్కడ పనిచేయలేదు. ఎందుకు చేయలేదో పట్టుకోవడానికి ఆ ఒక్క ఊరికే ఏడాదిన్నర తిరిగింది. ఆ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, పొడి ఫ్లోరైడ్‌ను వదిలి దాన్ని పట్టుకుంటోంది. తేలిన రోజున ఆమెకు కాళ్లు నేలమీద ఆనలేదు. కానీ ఆమె గైడూ, డిపార్ట్‌మెంట్ హెడ్డూ అయిన కాశీవిశ్వనాథం గారు థీసిస్‌లోంచి ఆ అధ్యాయం మొత్తం తీయించారు. “ఫెయిలైనది ఎందుకమ్మా థీసిస్‌లో? ఎగ్జామినర్ చేతికి నువ్వే కర్ర అందిస్తావా?” అన్నారు. ఆయన పేరుకు పద్దెనిమిది మందికి గైడు. ఎవరేం చేస్తున్నారో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న దురద కూడా లేదు.

పీహెచ్‌డీ సీటు ఇక్కడ ప్రవేశ పరీక్షతో రాదు. ముందు ఒక ప్రొఫెసర్ తన దగ్గర చేర్చుకుంటాననాలి, ఆ తర్వాతే దరఖాస్తు. కాబట్టి అందరూ ప్రొఫెసర్లకు మెయిళ్లు కొడతారు. దీనికో వాట్సాప్ గ్రూపు, అందులో ఒక రెడీమేడ్ మెయిలు. పైన ‘రెస్పెక్టెడ్ సర్’, మధ్యలో ‘మీ పరిశోధన చదివి ముగ్ధుణ్ణయ్యాను’, కింద రెజ్యూమె. ఎవరో మహానుభావుడు పేరు మార్చడం మరచిపోయి పంపితే, ఆ తర్వాత నలుగురు అదే పేరుతో పంపారు. సరోజన కూడా ఆ తానులో ముక్కే. రెండు వందల పన్నెండు మెయిళ్లు పంపింది. తొమ్మిది జవాబులొచ్చాయి. ఎనిమిదింటిలో సారీ, తొమ్మిదోదాంట్లో ఆ ప్రొఫెసర్ చనిపోయి ఆరునెలలైందన్న సమాచారం.

రెండు వందల పదమూడోది కోపంలో రాసింది. టెంప్లేటు పక్కనపెట్టి, రెస్పెక్టూ లేకుండా, ఎర్రగంటిగూడెంలో నా ప్రయోగం ఎందుకు విఫలమైందో చెబుతాను, పది నిమిషాలు వింటారా అని నాలుగే వాక్యాలు. అది వెళ్లింది కిచెనర్‌కు గంట దూరంలోని యూనివర్సిటీలో చక్రధర్ అనే ప్రొఫెసర్‌కు. గుంటూరాయన, అమెరికాలో చదివి ఇటొచ్చాడు, నీటిశుద్ధి ఆయన పని. తెలుగు విద్యార్థులంటే ఆయనకు పడదని గ్రూపులో పేరు. ‘రెస్పెక్టెడ్’ అని కనబడితే చాలు డిలీట్ చేస్తాడట, ఎదురుపడి తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో బదులిస్తాడట. ఆయన నుంచి మర్నాడే ఒక లైను వచ్చింది. మంగళవారం పదింటికి కాల్ చెయ్యమని.

నలభై నిమిషాలు ఆయన ఆమెను కోర్టులో ముద్దాయిని అడిగినట్టు అడిగాడు. ఒక్కసారి బాగుంది అనలేదు. ఎన్ని శాంపిళ్లు, ఏ నెలల్లో, ఎండాకాలం మళ్లీ చూశావా, ఎందుకు చూడలేదు. ఆమె తగ్గలేదు. చూశాను, మే నెలలో చూశాను, మీరు నన్ను చెప్పనివ్వడం లేదు అంది. చివర్లో ఆయన, నా దగ్గర ఒక్క సీటుంది, అప్లై చెయ్యి, ఆఫీసు నీ కాగితాలు ఒప్పుకుంటే చేర్చుకుంటాను అన్నాడు. కాల్ పెట్టేశాక సరోజన బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని అద్దం ముందు పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఆ సంగతి రిషితకు కూడా చెప్పలేదు.

దరఖాస్తుకు రెండు సిఫారసు ఉత్తరాలు కావాలి. ఒకటి ఇక్కడి కాలేజీ టీచర్ రాసిచ్చింది. రెండోది ఎంటెక్ గైడు రాయాలి. యూనివర్సిటీ ఆయన కాలేజీ మెయిల్‌కే ఒక లింకు పంపుతుంది, ఆయనే అందులో ఉత్తరం పెట్టాలి. ఒకరోజు పొద్దున్నే ఎనిమిదింటికి, అక్కడ సాయంత్రం అయ్యేవేళ చూసి, ఆమె కాశీవిశ్వనాథం గారికి ఫోన్ చేసింది.

“కెనడానా! శుభం. నువ్వే రాసుకో అమ్మాయ్. ఎలా కావాలంటే అలా రాసుకో, నాకేం అభ్యంతరం లేదు.”

“రాసి మీకు పంపాల్నా సార్?”

“మళ్లీ నాకెందుకు పంపడం, నేను ఎక్కించడం! ఈ లింకులూ అవీ నాకు పడవు. నా మెయిల్ పాస్‌వర్డ్ చెబుతాను రాసుకో. అందరికీ ఇచ్చేదే. లాగిన్ అయి నువ్వే పెట్టేసెయ్.”

ఇందులో తప్పుందని సరోజనకు తోచలేదు. తోచడానికి ఆమె చూసిన లోకంలో ఇంకో పద్ధతి ఉంటేగా? ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తనే టైపు చేసుకుంది, కాండక్ట్ సర్టిఫికెట్ తనే టైపు చేసుకుంది, సారు సంతకం పెట్టారు. అక్కడ పెద్దలు చేసే సాయం అదే, అడ్డు చెప్పకపోవడం. షిఫ్టు అయ్యాక మధ్యాహ్నం బేస్‌మెంట్‌కొచ్చి, కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన పాత నమూనా ఒకటి ముందు పెట్టుకుంది. తన గురించి తాను పొగుడుకోవడం సిగ్గనిపించి నమూనాలో ఉన్న మాటలే దింపింది. సరోజన సిన్సియర్, ఒబీడియెంట్, హార్డ్‌వర్కింగ్. క్లాసులో మొదటి ఐదు శాతంలో ఉంది. ఆమె ప్రాజెక్టు పదకొండు గ్రామాల్లో నూటికి నూరు శాతం విజయవంతమైంది. ఆమెను గట్టిగా సిఫారసు చేస్తున్నాను. లింకు రాగానే సారు మెయిల్లో దూరి ఎక్కించేసింది, లేచి అన్నం పెట్టుకుంది.

మూడు వారాలకు యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. దరఖాస్తు నిజాయితీ గురించి మాట్లాడాలి, రమ్మని.

గదిలో ఒక కెనడియన్ ఆఫీసరమ్మ, పక్కన చక్రధర్. ఆఫీసరమ్మ మెత్తగానే మాట్లాడింది, అరిస్తే నయమనిపించేంత మెత్తగా. మేము లింకు పంపిన పదకొండు నిమిషాలకు ఉత్తరం వచ్చింది, అప్పుడు మీ ప్రొఫెసర్ ఉన్న ఊళ్లో తెల్లవారుజాము రెండున్నర, పైగా అది వచ్చింది కిచెనర్‌లోని ఒక ఇంటి ఇంటర్నెట్ నుంచి, ఆయన ఆ రోజు కిచెనర్‌లో ఉన్నారా అని అడిగింది.

“లేరు. నేనే రాశాను, నేనే పెట్టాను. ఆయనే పెట్టమన్నారు” అంది సరోజన. అబద్ధం చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఆఫీసరమ్మ పెన్ను ఆపి ఆమె వంక చూసింది. తప్పు ఒప్పుకున్నవాళ్లు ఇంత నిటారుగా కూర్చోవడం ఆమె చూసి ఉండదు.

చక్రధర్ కారిడార్‌లోకి వచ్చాక నోరు విప్పాడు, మొదటిసారి తెలుగులో.

“నేనూ అక్కడి నుంచే వచ్చాను. ఈ నాటకాలన్నీ నాకు తెలుసు.”

“నాటకం కాదు సార్. ఆయనే చెయ్యమన్నడు.”

“ఆయన దొంగతనం చెయ్యమంటే చేస్తావా?”

సరోజనకు చెవులు వేడెక్కాయి. “మీ రోజుల్ల మీకెవరు రాసిండ్రు సార్ లెటర్?”

చక్రధర్ మొహం జేవురించింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నేనే రాసుకున్నాను. సంతకం పెట్టించుకుని, కవర్ అంటించి, నేనే పోస్టు చేశాను. చాలా? అందుకే నీది రెండో లైను చదవగానే తెలిసిపోయింది. ఏటా రెండు వందలు చూస్తున్నాను, అందరూ సిన్సియర్, అందరూ ఒబీడియెంట్, అందరూ మొదటి ఐదు శాతం. మిగతా తొంభై ఐదు శాతం ఎక్కడికి పోతున్నారో! మన పేరు కనబడితే చాలు, ఆఫీసులో నవ్వుకుంటున్నారు. ఆ నవ్వులు భరించేది మీరు కాదు, నేను.”

“నవ్వుతున్నరని సీటు తీసేస్తరా?”

“తీసేసేది నేను కాదు, నువ్వే తీసేసుకున్నావ్.” రెండడుగులు వేసి ఆగాడు. “పదిరోజులు టైమ్ అడుగుతాను. మీ గైడ్ స్వయంగా వీడియోలోకి వచ్చి, నీ పని గురించి తన నోటితో చెప్పాలి. చెబితే ఆఫీసుతో నేను పోట్లాడతాను. చెప్పలేదా, అంతే.”

బేస్‌మెంట్‌లో రిషిత ఓదార్చలేదు. “అందరూ చేసేదే చేసినవ్. దొరికింది నువ్వొక్కదానివి. అసలు నేనే రాసిన అని ఎందుకు ఒప్పుకున్నవ్? పాస్‌వర్డ్ ఉన్నది గద, సార్ కెనడాకు వచ్చిండని సార్ మెయిల్ నుంచే ఒకటి కొట్టు” అంది. సరోజన పళ్లెం సింకులో పడేసి, నువ్వు నోర్ముయ్ అంది. ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. గదికి అటు పక్క ఒక పడక, ఇటు పక్క ఒక పడక, మధ్యలో పరదా.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్లీ కాశీవిశ్వనాథం గారికే ఫోన్. ఆయన మొదట అన్న మాట, “దానికేముంది, నేను నిజంగానే చెప్పానని ఒక మెయిల్ నువ్వే రాసి నా దాంట్లోంచి పంపెయ్, పాస్‌వర్డ్ మార్చలేదు.”

“వద్దు సార్! ఇగ ఆ మెయిల్ ముట్టను. మీరే వీడియోల మాట్లాడాలె.”

“అదేంటి? నన్ను విచారిస్తారా? నన్ను ఇరికించావన్నమాట. ముప్పై ఏళ్ల సర్వీసు నాది, వాళ్లెవరు నన్నడగడానికి?” ఆయన చాలాసేపు ఎగిరిపడ్డారు. సరోజన విన్నది. జీవితంలో మొదటిసారి బతిమిలాడింది. సీటు పోతది సార్, ఇది పోతే నాకింకోటి రాదు అంది. ఆ మాటకు ఆయన మెత్తబడ్డారు. చెడ్డమనిషి కాదు.

“సరే సరే, ఏడవకు. నువ్వు రాసిన లెటర్ ఒకసారి నాకు పంపు. చూసుకుంటాను.”

“మీకు నా పని మొత్తం చెప్త సార్. ముఖ్యంగ ఎర్రగంటిగూడెం సంగతి అడుగుతరు...”

“నా స్టూడెంట్ సంగతి నాకు నువ్వు పాఠం చెబుతావా? అడగనీ, నేను చూసుకుంటా అన్నాను కదా. లెటర్ పంపు చాలు.”

పంపింది. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మీటింగు రోజు కిచెనర్‌లో ఉదయం తొమ్మిది. తెర మీద నాలుగు గళ్లు. ఆఫీసరమ్మ, చక్రధర్, సరోజన, నాలుగోదాంట్లో కోటూ టై వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని కాశీవిశ్వనాథం గారు. సరోజనను అడిగే వరకు మాట్లాడవద్దన్నారు. ఆమె మైకు ఆపి, టేబుల్ అంచు పట్టుకుని కూర్చుంది.

పాస్‌వర్డ్ తానే ఇచ్చానని ఆయన మొదటి ప్రశ్నకే ఒప్పుకున్నారు. తండ్రిలాంటివాణ్ణి కదా అని కూడా అన్నారు. సరోజనకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నందుకు కాస్త సిగ్గు కూడా పడింది.

అప్పుడు చక్రధర్ అడిగాడు, ఆమె చేసిన పనేమిటో మీ మాటల్లో చెప్పండి అని.

కాశీవిశ్వనాథం గారు గొంతు సవరించుకున్నారు. “సరోజన ఈజ్ సిన్సియర్, ఒబీడియెంట్ అండ్ హార్డ్‌వర్కింగ్” అని మొదలుపెట్టారు. ఆయన ఎక్కడా తడబడలేదు. మొదటి ఐదు శాతం, పదకొండు గ్రామాలు, నూటికి నూరు శాతం, గట్టిగా సిఫారసు చేస్తున్నాను. ఆమె ఎక్కడ కామా పెట్టిందో అక్కడ ఊపిరి తీసుకుంటూ మొత్తం అప్పజెప్పేశారు. ఆ వయసులో, ఆ పెద్దమనిషి, కూర్చుని కంఠస్థం చేశారు.

“ప్రయోగం విఫలమైన గ్రామం గురించి చెప్పండి” అన్నాడు చక్రధర్.

ఆయన ముఖంలో ఒక రోషం కనబడింది. ఎవరో తన పిల్లను అనరాని మాటన్నట్టు. విఫలమా? అలాంటిదేం లేదు. నా డిపార్ట్‌మెంట్‌లో ఫెయిల్యూర్ అన్న మాటే లేదు. పదకొండు గ్రామాలు, పదకొండూ సక్సెస్. కావాలంటే థీసిస్ చూసుకోండి, పన్నెండో గ్రామం ఎక్కడా లేదు. ఇదంతా ఆయన ఇంగ్లీషులో, ఒత్తి ఒత్తి చెప్పారు.

సరోజన మైకు తెరిచేసింది. “సార్, ఎర్రగంటిగూడెం సార్! ఏడాదిన్నర తిరిగిన, మీకు...”

“నువ్వుండమ్మా” అన్నారాయన తెలుగులో, చెయ్యెత్తి వారిస్తూ. “నేను చెబుతున్నా కదా. నీ మీద మాట పడనిస్తానా?”

ఏమంటున్నారు అని ఆఫీసరమ్మ అడిగింది. ఆ గళ్లలో తెలుగు తెలిసినవాడు ఇంకొకడున్నాడు. చక్రధర్ ఏమీ చెప్పలేదు. సరోజన లేచి రీడింగుల నోట్‌బుక్ తెచ్చి కెమెరాకు ఆనించింది. మే నెల తారీఖులు, ఆ ఊరి నీళ్ల లెక్కలు. ఆఫీసరమ్మ అదే మెత్తదనంతో, ఈ రోజు విషయం మీ ప్రయోగం కాదు, మీ ఉత్తరం అంది. చక్రధర్ గడి ముందు చీకటైంది, తర్వాత మిగతావి.

రెండు రోజులకు మెయిలొచ్చింది. దరఖాస్తు మూసేశాం, రెండేళ్ల దాకా ఈ యూనివర్సిటీకి మళ్లీ అప్లై చెయ్యరాదు. దాని వెనకే చక్రధర్ నుంచి ఒకటి. సీటు వేరేవాళ్లకు ఇచ్చాను, మీ థీసిస్‌లో లేని ఊరి గురించి నేను ఎవరితోనూ వాదించలేను, ఇక నాకు రాయవద్దు. సరోజన ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. కాశీవిశ్వనాథం గారిని అంతకంటే ఎక్కువ తిట్టింది. రిషిత పరదా అవతల నుంచి వింది.

ఆ ఆదివారం ఆయనే ఫోన్ చేశారు. గొంతులో పెళ్లిచేసి పంపినంత తృప్తి.

“ఎలా చెప్పాను? రెండు రోజులు కూర్చుని బట్టీ పట్టాను తెలుసా? ఒక్క ముక్క పోలేదు కదా?”

ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న తిట్లన్నీ సరోజన నాలుక చివరకొచ్చాయి. మీకు నా పేరు తప్ప ఏం తెల్వదు సార్ అందామనుకుంది. నోరు తెరిచింది కూడా.

“చెప్పమ్మా. నువ్వు రాసిందాంట్లో ఏమైనా వదిలేశానా?”

ఆయన వదలలేదు. ఎర్రగంటిగూడేన్ని థీసిస్‌లోంచి తీయించింది ఆయనే, అది నిజం. కానీ ఎలా కావాలంటే అలా రాసుకో అని పాస్‌వర్డ్ చేతిలో పెట్టిన రోజు, ఉత్తరంలో ఆ ఊరు రాయనిది తనే.

“ఏం వదలలే సార్” అంది సరోజన. “నేను రాసిందే చెప్పిండ్రు.”